ఒక్కరి చెవిలో చెప్పినట్టు

మా అమ్మ పప్పు రుబ్బుతూ ఒక పాట కూనిరాగం తీసేది. రుబ్బురోలు తిరిగే తీరుకి ఆ వరస భలే సరిపోయేది. మాటలు మాత్రం తెలుగు కావు. "ఏం పాటమ్మా అది?" అని అడిగితే, "భానుమతి పాటేనే, 'తోడు నీడ'లోది" అనేది. "మరి అర్థం?" అంటే, "ఏది రాసిపెట్టి ఉంటే అదే జరుగుతుందని" అని చెప్పి మళ్ళీ పొత్రం అందుకునేది.

మీలో చాలామందికి గుర్తొచ్చే ఉంటుంది. 'కే సెరా సెరా'! 1965లో వచ్చిన 'తోడు నీడ' సినిమాలో భానుమతి గారు దాన్ని ఇంగ్లీషులోనే పాడారు. అంతకు తొమ్మిదేళ్ళ ముందు, 1956లో, ఆ పాటను మొదట పాడి లోకానికి పరిచయం చేసింది డోరిస్ డే అనే అమెరికన్ గాయని.

మొన్నీమధ్య మా అమ్మాయి ఫోనులో ఆ అసలు పాట వినిపించింది. విన్నాక ఉండబట్టలేక ఆమె గురించి దొరికిందల్లా చదివాను. డోరిస్ డే అంటే పెద్ద సినిమా తార అని లోకానికి తెలుసు. అంతకు ముందు ఆమె ఊరూరూ తిరిగే బ్యాండులో పాటలు పాడుకునే అమ్మాయి. ఏది జరగాలో అది జరుగుతుందని పాడిన ఆ మనిషి, తన జీవితంలో మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆ సంగతి మీతో చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలూ.

కాలు విరిగింది, గొంతు దొరికింది

డోరిస్ 1922 ఏప్రిల్ 3న అమెరికాలోని ఒహైయో రాష్ట్రంలో, సిన్సినాటి నగరంలో పుట్టింది. ఇంటి పేరు కాపెల్‌హాఫ్. తండ్రి విలియం సంగీతం మాస్టారు. తల్లి ఆల్మా. తండ్రికి మరొకామెతో సంబంధం ఏర్పడటంతో డోరిస్ చిన్నప్పుడే ఆ సంసారం రెండు ముక్కలయింది. కొడుకునీ కూతురినీ ఆల్మాయే పెంచుకొచ్చింది.

డోరిస్‌కి పాట మీద కాదు, డాన్సు మీద మోజు. జెర్రీ అనే కుర్రాడితో కలిసి ఊళ్ళో జరిగిన పోటీలో గెలిచి 500 డాలర్లు సంపాదించింది. ఆ రోజుల్లో అది తక్కువ మొత్తమేం కాదు. ఇక హాలీవుడ్ వెళ్ళిపోవడమే అనుకుని సామాన్లు సర్దుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే, 1937 అక్టోబర్ 13 రాత్రి, స్నేహితులతో వెళుతున్న కారుని రైలు గుద్దింది. డోరిస్ కుడికాలు నుజ్జయింది. అప్పటికి ఆ పిల్లకి 15 ఏళ్ళు.

నెలల తరబడి మంచం మీదే. డాన్సు ఆశ అక్కడితో సరి. పొద్దుపోక రేడియో పెట్టుకునేది. అందులో ఎల్లా ఫిట్జ్‌గెరాల్డ్ అనే నల్లజాతి గాయని గొంతు ఈ పిల్లని పట్టేసింది. ఆమె ఎక్కడ మాట నొక్కుతోంది, ఎక్కడ వదిలేస్తోంది అని చెవులప్పగించి వినేది, తనూ గొంతు కలిపేది. మన ఇళ్ళలో పిల్లలు రేడియోలో లీలనీ సుశీలనీ విని పాటలు పట్టుకున్నారే, అచ్చం అలాగే!

కూతురి పాట విన్న ఆల్మా ఊరుకోలేదు. ఉన్నంతలోనే పాఠాలు చెప్పించడానికి గ్రేస్ రెయిన్ అనే టీచరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడకి ఈ పిల్ల ఎంతగా నచ్చిందంటే, ఒక్క పాఠం డబ్బు తీసుకుని వారానికి మూడు పాఠాలు చెప్పింది. ఇలాంటి గురువు ఒక్కరు దొరికితే చాలు, కాదంటారా?

టీచరు నేర్పిన కిటుకు

గ్రేస్ రెయిన్ నేర్పినవాటిలో ఒక్కటి డోరిస్ జీవితాంతం మరిచిపోలేదు. వెయ్యిమంది ఎదురుగా కూర్చున్నా సరే, ఒక్కరి చెవిలో చెబుతున్నట్టు పాడాలి! రాగం తర్వాత, ముందు మాట. ఆ మాట ఎవరికి చెబుతున్నావో మనసులో అనుకుని పాడాలి.

ఇది వినడానికి చిన్న సంగతిలా ఉంటుంది గానీ, అప్పటికి కొత్తే. మైకులు రాకముందు హాలు చివర బల్ల మీద కూర్చున్నవాడికి కూడా వినిపించాలని పాడేవాళ్ళు గొంతు చించుకోవాల్సి వచ్చేది. మన పాత నాటకాల్లో పద్యాలు గుర్తు తెచ్చుకోండి. ఒక్కో పద్యం ఊరవతలికి వినిపించేది! మైకు వచ్చాక ఆ అవసరం తీరింది. గుసగుసలాడినా చివరి వరసకి చేరుతుంది. అందుకే నెమ్మదిగా, మెత్తగా, మనసులో మాట చెప్పుకున్నట్టు సాగే పాటలకి గిరాకీ వచ్చింది. అమెరికా వాళ్ళు వాటిని 'బ్యాలెడ్' అంటారు. డోరిస్ గొంతు ఆ పాటలకోసమే పుట్టినట్టుండేది.

మొదట సిన్సినాటిలోనే ఒక చైనీస్ హోటల్లోనూ రేడియోలోనూ పాడింది. 1939లో బార్నీ రాప్ అనే బ్యాండు యజమాని చేర్చుకున్నాడు. కాపెల్‌హాఫ్ అనే పేరు బోర్డు మీద పట్టదని, ఆమె పాడే 'డే ఆఫ్టర్ డే' పాటలోంచి 'డే' తీసి తగిలించాడు. ఆ పేరంటే ఆమెకి పెద్దగా ఇష్టం లేదు. అయినా అదే స్థిరపడిపోయింది.

పదహారుమంది మధ్య ఒక కుర్చీ

బ్యాండు అంటే మన పెళ్ళి బ్యాండు అనుకునేరు! వాయిద్యాలు కొన్ని ఒకటేలెండి. వరసగా సాక్సఫోన్లు, వాటి వెనక ట్రంపెట్లు, ట్రాంబోన్లు, పక్కన పియానో, గిటారు, డ్రమ్ములు. మొత్తం పదిహేను, పదహారుమంది ఒక్కసారి ఊదితే హాలంతా ఊగేది. 1935 నుంచి 1945 దాకా అమెరికాలో ఈ 'స్వింగ్' సంగీతానిదే రాజ్యం. జనం వచ్చేది కూర్చుని వినడానికి కాదు, జంటలుగా డాన్సు చెయ్యడానికి.

మరి గాయని స్థానం ఎక్కడ? వేదిక మీద ఒక పక్కన కుర్చీలో! బ్యాండు వాయిస్తున్నంతసేపూ నవ్వు మొహంతో కూర్చోవాలి. తన వంతు రాగానే మైకు దగ్గరికి వచ్చి పాటలో ఒక్క భాగం పాడి, మళ్ళీ వెళ్ళి కూర్చోవాలి. తాళం కూడా తన ఇష్టం కాదు. కింద డాన్సు చేసేవాళ్ళ అడుగులు తప్పకూడదు కదా! రికార్డుల మీద బ్యాండు యజమాని పేరు పెద్దక్షరాల్లో, గాయని పేరు కింద చిన్నక్షరాల్లో. వంటంతా చేసి వడ్డన దగ్గర మాత్రం కనిపించని మనకి ఈ లెక్క కొత్తేమీ కాదులెండి.

1940లో డోరిస్ లెస్ బ్రౌన్ బ్యాండులో చేరింది. రాత్రి ఒక ఊళ్ళో పాట, తెల్లవారేసరికి బస్సులో ఇంకో ఊరు. అంతమంది మగవాళ్ళ మధ్య 18 ఏళ్ళ ఆడపిల్ల. లెస్ బ్రౌన్ పెద్దమనిషి. బ్యాండువాళ్ళు కూడా మర్యాద తెలిసినవాళ్ళే.

ఎదురుదెబ్బ వేరే చోట తగిలింది. 1941లో ట్రాంబోన్ వాయించే ఆల్ జోర్డెన్‌ని పెళ్ళి చేసుకుని బ్యాండు మానేసింది. సంసారం చేసుకుంటూ ఇంటిపట్టున ఉండాలన్నదే ఆమె కోరిక. కానీ అతనికి అనుమానపు జబ్బు. చెయ్యి చేసుకునేవాడు. కడుపుతో ఉన్నప్పుడు కూడా కొట్టాడు. 1942 ఫిబ్రవరిలో కొడుకు టెర్రీ పుట్టాడు. ఇక భరించలేక పిల్లాణ్ణి ఎత్తుకుని పుట్టింటికి వచ్చేసింది. 1943లో విడాకులు.

ఊళ్ళో రేడియోలో పాడుతూ కొన్నాళ్ళు గడిపింది. లెస్ బ్రౌన్ మళ్ళీ రమ్మన్నాడు. చంటిబిడ్డని ఎలా వదలడం? ఆల్మా ముందుకొచ్చింది. అమ్మమ్మ ఒడిలో పిల్లాణ్ణి పెట్టి డోరిస్ మళ్ళీ బస్సెక్కింది. ఆల్మాలాంటి అమ్మమ్మలు మన ఇళ్ళలో ఎంతమంది లేరు! వాళ్ళ పేరు మాత్రం ఏ రికార్డు మీదా ఉండదు.

ఇంటికి తీసుకెళ్ళిన పాట

అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. రికార్డుల మీద వచ్చే డబ్బులో వాయిద్యకారులకి న్యాయమైన వాటా లేదని వాళ్ళ సంఘం 1942 ఆగస్టు 1 నుంచి రికార్డింగులు ఆపేసింది. కొలంబియా కంపెనీతో రాజీ కుదిరేసరికి 1944 నవంబర్ అయింది. ఆ నెల 20న లెస్ బ్రౌన్ బ్యాండు ఒక పాట రికార్డు చేసింది. పేరు 'సెంటిమెంటల్ జర్నీ'. రైలెక్కి సొంత ఇంటికి తిరిగి వెళ్ళడం గురించిన పాట అది.

వీలైతే ఆ పాట వినండి. మొదట బ్యాండే వాయిస్తుంది. రైలు స్టేషనులోంచి కదులుతున్నట్టు, తొందర లేకుండా. చాలాసేపటికి గాని డోరిస్ గొంతు వినపడదు. వచ్చినా, వచ్చానని ఆర్భాటం చెయ్యదు. పక్క సీట్లో కూర్చున్నవాళ్ళతో మాట్లాడినంత మామూలుగా ఉంటుంది. పాటలో ఏడుపు లేదు, కానీ వింటుంటే గొంతుకేదో అడ్డం పడుతుంది.

1945లో యూరప్‌లో యుద్ధం ముగిసి సైనికులు ఇళ్ళకి బయల్దేరిన సమయానికి ఆ పాట దేశమంతా మోగిపోయింది. తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. సముద్రాల అవతల సంవత్సరాల తరబడి ఉండిపోయిన కుర్రాళ్ళకి ఆ గొంతు తమ చెవిలోనే చెబుతున్నట్టు అనిపించింది.

నాకు మాత్రం ఇంకో ఆలోచన వచ్చింది. ఆ పాట పాడేనాటికి ఆమెకి 22 ఏళ్ళు. రెండేళ్ళ పిల్లాణ్ణి అమ్మ దగ్గర వదిలి, తను బస్సుల్లో తిరుగుతోంది. ఇంటికి పోవాలన్న మాట ఆమె ఎవరి చెవిలో చెప్పి ఉంటుందంటారు?

యుద్ధం అయ్యాక పెద్ద బ్యాండుల రోజులు చెల్లిపోయాయి. పదహారుమందిని వెంటేసుకు తిరిగే ఖర్చు తట్టుకోలేకపోయారు. డాన్సు జరిగే చోట్ల మీద ప్రభుత్వం 1944లో గట్టి పన్ను కూడా వేసింది. జనానికి బ్యాండు కంటే ముందు నిలబడి పాడేవాళ్ళే ముద్దయ్యారు. కుర్చీలో కూర్చున్న గాయనీగాయకులు లేచి ముందుకొచ్చి సొంత రికార్డులు ఇవ్వడం మొదలుపెట్టారు. డోరిస్ 1946లో లెస్ బ్రౌన్ దగ్గర సెలవు తీసుకుంది. సాక్సఫోన్ వాయించే జార్జ్ వైడ్లర్‌తో జరిగిన రెండో పెళ్ళి కూడా నిలవలేదు. ఆ బాధలో ఉండగానే సినిమా అవకాశం వచ్చింది. 1948లో మొదటి సినిమా, అందులో 'ఇట్స్ మ్యాజిక్' పాట. ఇక వెనక్కి చూసుకోలేదు.

మేడమీది బిడ్డకి వినపడాలని

ఇప్పుడు మన 'కే సెరా సెరా' దగ్గరికి వద్దాం. 1956లో హిచ్‌కాక్ తీసిన 'ది మ్యాన్ హూ న్యూ టూ మచ్' సినిమాలోది ఆ పాట. పాట ఇచ్చినప్పుడు డోరిస్‌కి అంతగా నచ్చలేదు. చిన్నపిల్లల పాటలా ఉంది, ఎవరు వింటారని ఆమె ఉద్దేశం. చివరికి అదే ఆస్కార్ గెలిచింది, జీవితాంతం ఆమె వెంటే నడిచింది.

సినిమాలో ఆమె ఒకప్పటి పెద్ద గాయని. పెళ్ళయ్యాక పాట మానేసింది. కొడుకుని నిద్రపుచ్చే ముందు ఈ పాట పాడుతుంది. తర్వాత ఆ పిల్లాణ్ణి దుండగులు ఎత్తుకుపోతారు. లండన్లో ఒక రాయబారి భవనంలో, మేడమీద గదిలో దాచారని తెలుస్తుంది. కింద పెద్ద విందు. పాడమని అతిథులు అడుగుతారు. ఆమె పియానో ముందు కూర్చుని ఇదే పాట ఎత్తుకుంటుంది. ఈసారి నెమ్మదిగా కాదు, గొంతెత్తి, భవనం మారుమోగేలా! పెద్దమనుషులందరూ మొహాలు చూసుకుంటారు. ఇంత గట్టిగా ఎందుకు పాడుతోందో వాళ్ళకేం తెలుసు? మేడమీద పిల్లాడు ఆ గొంతు గుర్తుపట్టి ఈల వేస్తాడు...

హాలు నిండా జనం ఉన్నా పాట ఒక్కరికోసమే. గ్రేస్ రెయిన్ చెప్పిన పాఠం అదే కదూ! అర్థమేమో 'జరిగేది జరగనీ' అని, చేస్తున్న పనేమో బిడ్డని దక్కించుకునే ప్రయత్నం. ఈ సీను చూస్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

పెట్టె తెరిస్తే ఖాళీ

1951లో మార్టీ మెల్చర్‌తో డోరిస్‌కి మూడో పెళ్ళి జరిగింది. టెర్రీని అతను దత్తత తీసుకున్నాడు. ఆమె సినిమాలు, పాటలు, డబ్బు వ్యవహారాలు అన్నీ అతనూ ఒక వకీలూ కలిసి చూసుకునేవారు. ఆమె పని పాడటం, నటించడం, చూపించిన చోట సంతకం పెట్టడం. 1960ల మొదట్లో టిక్కెట్లు బాగా అమ్ముడుపోయే తారల్లో ఆమెదే అగ్రస్థానం.

1968 ఏప్రిల్ 20న మార్టీ చనిపోయాడు. ఆ దుఃఖంలో ఉండగానే కాగితాలు తెరిస్తే ఏముంది? సంపాదనంతా నూనె బావులనీ హోటళ్ళనీ హారతి కర్పూరంలా హరించుకుపోయింది. పైగా అప్పులు! అంతేనా, టీవీ సీరియల్లో నటిస్తానని ఆమెకి తెలియకుండానే ఒప్పందం కూడా అయిపోయింది. మార్టీ ఆ వకీలుని గుడ్డిగా నమ్మి మునిగాడనే ఆమె అనుకునేది. ఏదైతేనేం, పదిహేడేళ్ళ వయసు నుంచి పాడుతూ వచ్చిన మనిషికి చేతిలో చిల్లిగవ్వ లేదు.

అప్పుడామెకి 46 ఏళ్ళు. నాదీ ఇంచుమించు అదే వయసు. అందుకే ఈ చోటికి వచ్చేసరికి పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. మావారు మంచివారే, అందులో సందేహం లేదు. కానీ కాగితం తెచ్చి సంతకం పెట్టమంటే, "ఎక్కడ?" అని అడిగేదాన్నే తప్ప, "ఎందుకు?" అని ఏనాడూ అడగలేదు. నా పేరు మీద ఉన్న డిపాజిట్ ఎప్పటికి తీరుతుందో కూడా నాకు తెలియదు! పాలవాడి లెక్కలో అర లీటరు తేడా వస్తే మాత్రం గుమ్మంలో నిలబెట్టి అడుగుతాను.

మరి డోరిస్ ఏం చేసింది? మొదట కుప్పకూలిపోయింది. తర్వాత లేచింది. ఇష్టం లేకపోయినా ఆ టీవీ సీరియల్ ఒప్పుకుని 1968 నుంచి 1973 దాకా అయిదేళ్ళు చేసింది. అప్పులు తీర్చింది. ఆ సీరియల్ మొదలయ్యేటప్పుడు వచ్చే పాట ఏమిటో తెలుసా? 'కే సెరా సెరా'యే!

మరోపక్క ఆ వకీలు మీద దావా నడిపింది. కోర్టు చుట్టూ తిరగలేక మధ్యలో వదిలేసేవాళ్ళే ఎక్కువ. ఆమె వదల్లేదు. 1974లో 2 కోట్ల 28 లక్షల డాలర్లకు పైగా ఆమెకి చెల్లించాలని తీర్పు వచ్చింది. అంతా చేతికి రాలేదనుకోండి. 1979లో దాదాపు 60 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది, అదీ 23 ఏళ్ళ వాయిదాల్లో. ఆ వకీలుని 1987లో న్యాయవాద వృత్తి నుంచే తొలగించారు. పోయిన సొమ్మంతా రాలేదు గానీ, తప్పెవరిదో లెక్క తేలింది. 1975లో ఆత్మకథ రాయించి, కొట్టిన మొగుడి సంగతీ కరిగిపోయిన డబ్బు సంగతీ దాచకుండా చెప్పింది. ఎప్పుడూ నవ్వుతూ కనిపించే ఆ తార వెనక ఇంత కథ ఉందని జనానికి అప్పుడే తెలిసింది.

ఆఖరి పాటలు

తర్వాత నాలుగో పెళ్ళి చేసుకుంది, అదీ నిలవలేదు. నాలుగా! అని బుగ్గలు నొక్కుకుంటున్నారా? నేనూ నొక్కుకున్నాను. అయితే ఇల్లూ సంసారం కావాలన్న ఆశతోనే ప్రతిసారీ అడుగు వేసిందని చదివాక ఆ మాట అనబుద్ధి కాలేదు.

కాలిఫోర్నియాలో కార్మెల్ అనే చోట కుక్కలూ పిల్లులతో స్థిరపడింది. 1978లో మూగజీవాల కోసం సంస్థ పెట్టింది. 2004లో అమెరికా ప్రభుత్వం అత్యున్నత పౌర పురస్కారం ఇచ్చింది. ఆ ఏడాదే కొడుకు టెర్రీ జబ్బుచేసి చనిపోయాడు. అమ్మమ్మ దగ్గర పెరిగిన ఆ పిల్లాడు పెద్దయ్యాక తనూ పేరున్న పాటల నిర్మాత అయ్యాడు. అమ్మ పాడగా అతను చేయించిన పాటలు కొన్ని బయటికి రాకుండా ఉండిపోయాయి. వాటిని కలిపి 2011లో, తన 89వ ఏట, 'మై హార్ట్' పేరుతో ఆల్బమ్ ఇచ్చింది. బ్రిటన్లో అది మొదటి పది ఆల్బమ్‌ల్లో నిలిచింది. 2019 మే 13న, 97 ఏళ్ళ వయసులో కన్నుమూసింది. తనకి సమాధి రాయి కూడా వద్దంది.

చివరిగా ఒక మాట. అందరూ ఆఫీసులకీ స్కూళ్ళకీ వెళ్ళాక, పొయ్యి మీద పప్పు ఉడుకుతున్నప్పుడు, 'సెంటిమెంటల్ జర్నీ' పెట్టుకుని వినండి. మూడు నిమిషాల పనే. ఇంగ్లీషు రాకపోయినా పరవాలేదు, ఆ గొంతు మీకే చెబుతున్నట్టుంటుంది.

అది అయ్యాక బీరువా తెరిచి, మీ పేరున ఉన్న పాసుపుస్తకాలూ పాలసీ కాగితాలూ ఒకచోట పెట్టి, ఏది ఎంతో, ఎప్పటిదో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. అనుమానంతో కాదు, అవసరం కోసం. నేను కిందటి వారమే రాశాను. మావారే పక్కన కూర్చుని అర్థం కానివి చెప్పారు. రెండు ఖాతాల్లో నామినీ పేరే లేదని అప్పుడు తెలిసింది, ఆయనకి కూడా!

ఇప్పుడు మా ఇంట్లో రుబ్బురోలు లేదు, గ్రైండరు మోతలో కూనిరాగం వినపడదు. అయినా ఆ పాట నా నోట్లో ఆడుతూనే ఉంటుంది. జరిగేది ఎలాగూ జరుగుతుంది. మన లెక్క మాత్రం మనకి తెలిసి ఉండాలి.